కంపెనీ రంగు

ఉమాశంకర్ గారికి ఒకటే పిచ్చి. 1974 నాటి తన ఫియట్ కారు మీద కొత్త రంగు చుక్క కూడా పడనివ్వరు. ఎవరేమన్నా "అది కంపెనీ రంగండీ!" అంటారు. లేత ఆకుపచ్చ. నిజం చెప్పాలంటే ఎండకి సగం, ఉప్పుగాలికి సగం వెలిసిపోయింది. ఆయన కళ్లకి మాత్రం నిన్ననే షోరూంలోంచి దిగినట్టుండేది.

అమలాపురం నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికొచ్చి గాజువాకలో మా పక్కింట్లో దిగారాయన. ఒకవైపు సముద్రపు ఉప్పు, ఇంకోవైపు పోర్టు బొగ్గునుసి. ఆ రెండింటితోనూ రోజూ పొద్దున్నే నూలుగుడ్డ పట్టుకుని యుద్ధం చేసేవారు. ఆ గుడ్డలన్నీ ఒకప్పుడు ఆయన భార్య కనకరత్నం గారి చీరలు.

"పాతవి తీసుకోండి మహానుభావా!" అని ఆవిడ మొత్తుకుంటే, "పాతవి గరుగ్గా ఉన్నాయే, గీతలు పడతాయి" అనేవారు.

కాకులు కారు మీద వాలకుండా మా డాబా మీద మెతుకులు చల్లేవారు.

"మా డాబా మీదేటండీ?" అన్నాను.

"మీకు కారు లేదు కదండీ!"

2001లో వాళ్లమ్మాయి ఆశాజ్యోతికి పెళ్లి కుదిరింది. కారుకి రంగు వేయిస్తే పెళ్లికూతుర్ని అందులోనే తీసుకెళ్లొచ్చని కనకరత్నం గారు పెయింటర్ సన్యాసిరాజుని పిలిపించారు.

"రెండ్రోజుల్లో కొత్తదాన్లా సేసేత్తాను బాబూ" అంటూ అతను ఉప్పుకాగితం తీశాడు.

ఉమాశంకర్ గారు కారుకి అడ్డంగా నిలబడ్డారు. "ముందు నన్ను గీకు."

"మాకంటే ఆ రంగెక్కువా?" అని కనకరత్నం గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయన కారెక్కారు. రెండు వారాలకోసారి ఆదివారం అలా ఒంటరిగా వెళ్లడం ఆయనకి అలవాటు. ఇంజనుకి గాలి తగలాలట.

"నువ్వైనా వెళ్లి నచ్చజెప్పు తమ్ముడూ" అని ఆవిడ నన్ను పక్కసీట్లోకి తోశారు.

కారు తిన్నగా జాలరిపేటలో ఆగింది. హారన్ విని ఒక ముసలావిడ బయటికొచ్చింది. పలకరింపు లేదు. కారు చుట్టూ ఓసారి తిరిగి, తలుపు దగ్గర ఆగింది.

"ఇదేటి బాబూ, గీత? మొన్న నేదే!"

మా వీధినంతా హడలెత్తించే మనిషి చేతులు కట్టుకున్నారు. "కాకి వాలిందండీ... చూసుకోలేదండీ."

ఆవిడ పేరు అప్పాయమ్మ. భర్త తాతబాబుకి మరపడవ ఉండేది. రొయ్యలు బాగా పడిన ఏడాది ఆయన ఈ కారు కొన్నాడు. 1991లో ఆయన పోయాక ఆవిడ దాన్ని ఉమాశంకర్ గారికి అమ్మేసింది.

"ఈ రంగు దొరికేదాకా కారే వొద్దన్నాడు మా ముసిలోడు" అంది, నేను ఖాళీ చేసిన ముందు సీట్లో సర్దుకుంటూ. "యేటకెల్తే లోతు నీల్లు ఇలాగే ఉంటాయంట. నానేనాడూ ఆ నీల్లు సూణ్ణేదు. ఈ కారే సూసినాను. అమ్మిన్నాడు, రంగు మార్సీకు బాబూ అన్నాను. అంతే. రెండు వారాలకే ఈ బాబు తిరిగొచ్చి, ఎక్కమ్మా అన్నాడు."

పదేళ్లుగా ఆవిణ్ణి బీచ్ రోడ్డు మీద తిప్పి తీసుకొస్తున్నారట.

"ఇంట్లో చెప్పొచ్చు కదండీ?" అన్నాను, తిరిగొస్తూ.

"చెబితే మంచోడంటారోయ్. రేపట్నుంచి వీధివీధంతా కారు అడుగుతారు. పిచ్చోడనుకుంటేనే హాయి."

ఆ సాయంత్రమే కనకరత్నం గారికి అంతా చెప్పేశాను. ఆవిడ వెంటనే శుభలేఖ ఒకటి తీసి, దాని మీద అప్పాయమ్మ పేరు రాశారు.

పెళ్లినాడు వెలిసిన రంగుతోనే కారు బయల్దేరింది. వెనక పెళ్లికూతురు, తల్లి, పళ్లేలు. ముందు కొత్త చీరలో అప్పాయమ్మ. ఉమాశంకర్ గారి తమ్ముడు నడిపాడు. చోటు చాలక పెళ్లికూతురి తండ్రి నా స్కూటరెక్కారు.

బీచ్ రోడ్డు మీద అప్పాయమ్మ చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి, తలుపు మీద ఆనింది. దారి పొడుగునా అలాగే ఉంచింది. ముహూర్తానికి ఆలస్యమవుతుందని నేను కారుని దాటబోయాను.

ఉమాశంకర్ గారు నా భుజం నొక్కారు.

"నెమ్మదిగా పోనీవోయ్. దాటేస్తే ఆవిడ చెయ్యి కనపడదు."

పెళ్లికూతురి తండ్రి కంటే ముందు పెళ్లికూతురు మండపం చేరింది.