లేవు అని రాసిన పిన్ని

మా పిన్ని దేశం పరువు తీసిందని మా వీధిలో చెప్పుకుంటారు. ఆఫీసు కాగితాలు టిఫిన్ డబ్బా అడుగున పెట్టుకుని బయటికి తెచ్చిందట. వాటిని ఎవరో విదేశీయులకు చేరవేసిందట. వాళ్లు పెద్ద సభలో మన దేశాన్ని నిలబెట్టి కడిగేశారట. ఇస్త్రీ కొట్టులో ఒకావిడ ఈ సంగతి నాకే చెప్పింది, ఆ మనిషి మా పిన్నే అని తెలియక. "చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టు ఉంటుందట తల్లీ!" అంది. నేను బట్టల మూట తీసుకుని వచ్చేశాను. ఎదురు మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

ముందు డబ్బా సంగతి. అందులో పట్టేది రెండు రొట్టెలు, కాస్త కూర. ఆఫీసు రిజిస్టరు ఒక్కొక్కటి ఏడాది పిల్లంత బరువు.

పిన్ని ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుల కిటికీ దగ్గర గుమాస్తా. మా దేశం చిన్నది. ఎక్కణ్ణుంచి వచ్చే ఫిర్యాదైనా, మనిషి తెచ్చినా టపాలో వచ్చినా, ఆ ఒక్క కిటికీకే చేరుతుంది. ఇరవై రెండేళ్లుగా పిన్ని అదే కుర్చీలో కూర్చుంటోంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. మడిచిన అట్టముక్క దాని కింద పెట్టి, రోజూ పొద్దున్నే సరిచూసుకుని మరీ కూర్చుంటుంది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి ఉండదు. ఆఫీసులో అందరూ కిటికీ అక్క అంటారు.

తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. పాత రిజిస్టర్లకు అట్టలు వేసే పని ఇప్పించింది పిన్ని. ఆవిడ వెనకాల, బీరువా పక్కన, జిగురు గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంటాను. కిటికీలోకి తొంగిచూసే ముఖాలన్నీ నాకు కనిపిస్తాయి. నేను వాళ్లకు కనిపించను. నాకు అదే హాయి.

రిజిస్టరులో ఆరు గడులుండేవి. నీళ్లు, దీపాలు, రోడ్లు, మురుగు, చెత్త, ఇతరములు.

ఇక మూడో అంతస్తు సంగతి. ఒంటి రంగు చూసి, పుట్టుక చూసి మనిషిని తక్కువ చేయకూడదని చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. మా దేశమూ సంతకం పెట్టింది. సంతకం పెట్టిన ప్రతి దేశం కొన్నేళ్లకోసారి నివేదిక పంపాలి. ఆ తర్వాత ఒక అధికారి ఆ సభకు వెళ్లి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆ నివేదిక మా ఆఫీసు మూడో అంతస్తులో తయారవుతుంది. అప్పుడు పైనుంచి పిన్నికి ఒక చీటీ వస్తుంది: జాతి వివక్ష మీద వచ్చిన ఫిర్యాదులు ఎన్ని? రిజిస్టరులో ఆ పేరుతో గడి లేదు. కాబట్టి పిన్ని "లేవు" అని రాసి, ముద్ర వేసి పంపేది. అలా నాలుగుసార్లు పంపింది. అందులో అబద్ధం ఉందని ఆవిడకు తట్టలేదు.

ఐదో చీటీ వచ్చిన రోజు కిటికీ దగ్గరికి దర్జీ ఆవిడ వచ్చింది. వంతెన అవతల ఉంటుంది. వాళ్ల తాతలు ఓడలో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. వాళ్ల రంగు వేరు, జుట్టు తీరు వేరు. ఆవిడ అద్దె ఇంటి కోసం తిరుగుతోంది. ఫోనులో రమ్మన్నవాళ్లు ఎదురుగా మనిషిని చూడగానే "ఇచ్చేశామమ్మా" అనేవారు. మర్నాడు చూస్తే బోర్డు అలాగే వేలాడుతూ ఉండేది. మూడు ఇళ్ల గురించి అంతకుముందే మూడు ఫిర్యాదులు రాసిచ్చింది.

"నా కాగితాల సంగతి ఏమైందమ్మా?" అని అడిగింది.

"పైకి పంపాం. ఇంకా ఏమీ రాలేదు" అంటూనే పిన్ని చీటీ మీద రాసేసి ముద్ర అందుకుంది.

దర్జీ ఆవిడ కొలత టేపు మెడలోంచి తీయకుండానే వచ్చేసింది. తలకిందులుగా ఉన్న చీటీని కిటికీ అవతలి నుంచే చదివేసింది.

"లేవా?"

పిన్ని తలెత్తింది.

"మూడుసార్లు వచ్చాను కదమ్మా. మీ చేత్తోనే రాసుకున్నారు. అయితే నేను రానట్టేనా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. పిన్ని ముద్రను పక్కన పెట్టేసింది.

"కూర్చోండి" అంది చివరికి.

కిటికీ అవతల కుర్చీ లేదు. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు. దర్జీ ఆవిడే ముందు నవ్వింది.

"వారం రోజులు టైమివ్వండి" అంది పిన్ని.

"ఇస్తాను. జాకెట్టు కుట్టడానికి నేనూ అంతే అడుగుతాను."

ఆవిడ వెళ్లాక పిన్ని నావైపు తిరిగింది. "ఐదేళ్ల రిజిస్టర్లు దించవే."

తొమ్మిది ఉన్నాయి. ఆరు రోజులు మధ్యాహ్నం తిండి వేళ నేను చదవడం, పిన్ని గీతలు గీయడం. ఇతరములు గడిలో లేని సంగతి లేదు. పక్కింటి కుక్క. పైవాటా వాళ్లు కింద ఆరేసిన బట్టల మీద నీళ్లు పోయడం. బాకా సాధన చేసే ఒక పెద్దమనిషి మీదే పదకొండు ఫిర్యాదులు.

"పదకొండా! ఈయన ఇంకా ఊదుతున్నాడంటావా?" అంటూ పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వుతూనే కింది వరుస చదివాను. ఒక తండ్రి రాసిందది. కూతురి పక్కన ఎవరూ కూర్చోనంటున్నారని బడిలో ఆ పిల్లను చివరి బెంచీకి పంపారట. పిన్ని నవ్వు ఆగిపోయింది. గీత గీసి, "ఊఁ, తర్వాత" అంది.

క్షౌరశాలలో కుర్చీ ఇవ్వలేదు. ఆసుపత్రి వరుసలో పేరు పిలవలేదు. అన్నీ పిన్ని గుండ్రటి అక్షరాల్లోనే ఉన్నాయి. మొత్తం మూడువందల పదిహేడు.

ఆ సాయంత్రం బాబాయికి చెప్పింది. బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు.

"ఇన్నాళ్లూ లేవని రాసి ఇప్పుడు ఉన్నాయంటే ముందు పట్టుకునేది నిన్నే. ఐదు చీటీల మీదా నీ సంతకమే."

"నాలుగే. ఐదోది ఇంకా పంపలేదు."

"ఉద్యోగం పోతేనో?"

పిన్నికి వేరే పని తెలియదు. "పోతే పోయింది" అనే మనిషి కూడా కాదు.

"పోనీలే, మా డిపోకి వచ్చేయ్. నట్లు బిగిద్దువుగాని" అన్నాడు బాబాయి.

"నువ్వు బిగించినవన్నీ మళ్లీ బిగించాలా? నావల్ల కాదు బాబూ."

మర్నాడు తొమ్మిది రిజిస్టర్లూ రెండు విడతలుగా మూడో అంతస్తుకు మోశాం. పెద్ద గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"ఏంటి కిటికీ అక్కా, కిటికీ ఒక్కటీ వదిలేసి అన్నీ మోసుకొచ్చావ్?"

"ఈసారి చీటీలో అంకె మారుతుంది."

"చీటీ ఎవడిక్కావాలి? పోయినసారి నివేదికలోంచి ఆ వాక్యం ఎత్తి రాసేశాం. ఎప్పుడూ అదేగా!"

"అదే మార్చాలి."

"మారిస్తే తప్పెవరిదవుతుందో తెలుసా?"

"నాదే."

లోపలి గదిలోంచి అధికారి బయటికి వచ్చాడు. సభకు వెళ్లాల్సింది ఆయనే. ఎన్ని అని అడిగాడు. పిన్ని చెప్పింది. ఎవరు లెక్కపెట్టారు అన్నాడు. పిన్ని నన్ను చూపించింది. నాకు నేలలోకి దూరిపోదామనిపించింది. ఆయన మాత్రం నన్ను ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని, గంటసేపు తానే పేజీలు తిప్పాడు.

"నాలుగుసార్లు లేవన్నాం. ఇప్పుడు అక్కడ నిలబడి నేనేం చెప్పాలమ్మా?"

"గడి లేదని చెప్పండి. గడి లేక, గుమాస్తా లేవని రాసిందని చెప్పండి" అంది పిన్ని.

"అదే రాసిచ్చి వెళ్లండి."

అక్కడే నిలబడి రాసి, సంతకం పెట్టింది.

తర్వాతి నెల ఎలా గడిచిందో చెప్పలేను. ఆయన సభకు వెళ్లాడు. పెద్ద గుమాస్తా రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర ఆగి, "మెమో టైపవుతోంది అక్కా" అనేవాడు. పిన్ని నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండేది కాదు. మూడు రోజులు వరసగా చప్పిడి కూర తిన్నాం. బాబాయి కూడా వంక పెట్టలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజు పైనుంచి పిలుపు వచ్చింది. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"కూర్చోండి" అన్నాడాయన. పిన్ని కూర్చోలేదు.

"ఆ సభలో ఒక పెద్దావిడ మన పాత నివేదికలు నాలుగూ ముందు పెట్టుకుని కూర్చుంది. లేవు అన్న ప్రతిసారీ వాళ్లకు అనుమానమేనట. ఒక్క ఫిర్యాదూ లేని దేశం ఎక్కడుంటుంది అంది. ఇప్పుడు తెలిసింది కదా, ఏం చేస్తారు అని రెండు గంటలు నాకు చెమటలు పట్టించారు."

"మరి మెమో అండీ?"

"ఉంది" అన్నాడు.

పిన్ని చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది. ఆయన కాగితం అందించాడు. రిజిస్టరులో ఏడో గడి అచ్చు వేయించాలి. మూడువందల పదిహేడు ఫిర్యాదులూ విడిగా తీసి విచారణకు పంపాలి. ఆ పని కిటికీ గుమాస్తాయే చూడాలి. అంతే.

మెట్ల మలుపు దాకా వచ్చి పిన్ని మెట్టు మీద కూర్చుంది.

పైట చెంగుతో ముఖం తుడుచుకుంది, నవ్వింది, మళ్లీ తుడుచుకుంది. పెద్ద గుమాస్తా గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు. "ఊరికే అన్నానక్కా, మెమో అని" అంటూ తల గోక్కున్నాడు.

"రేపణ్ణుంచి నాతో కూర్చుని విడదీద్దువుగాని" అంది పిన్ని. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

దర్జీ ఆవిడ ఫిర్యాదులు మొదటి వారంలోనే విచారణకు వెళ్లాయి. రెండో ఇంటి యజమాని దిగివచ్చాడు. ఇప్పుడు ఆ ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుంది. పిన్నికి రెండు జాకెట్లు కుట్టింది. చెప్పిన వారానికి కాదు, మూడు వారాలకు.

వీధిలో చెప్పుకునే మాటల్లో ఒకటి నిజమే. మూడువందల పదిహేడు అనే అంకె ఆ సభలో బయటపడింది. కానీ దాన్ని అక్కడ నిలబడి చదివింది మా దేశం పంపిన అధికారి. ఆయన చదివిన నివేదిక మీద మా మంత్రి సంతకం ఉంది.