సంచిలోంచి తీసేసినవి

జగిత్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో మేం ముగ్గురం ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం. వాళ్లిద్దరూ కోరుట్ల, సిరిసిల్ల. నేను జగిత్యాల. నిజానికి నాది జగిత్యాల కాదు. సారంగాపూర్ అవతల ఒక ఊళ్లో మాకు గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, ఉండేది. ఊళ్లోకి అన్నల, అంటే నక్సలైట్ల, రాకపోకలు మొదలయ్యాక నాన్న దానికి తాళం వేసి జగిత్యాలలో అద్దె ఇంట్లోకి దిగాడు. మా ఇంట్లో దీన్ని పిల్లల చదువు కోసం రావడం అనేవారు.

ముగ్గురిలో పరుగు వచ్చినవాడు సిరిసిల్ల ఒక్కడే. యూనివర్సిటీ దూరపు పరుగు జట్టుకు ఎంపిక జరగబోతోంది. అందులో పేరు వస్తే ఆటల కోటాలో రైల్వే ఉద్యోగానికి దారి పడుతుంది. రాకపోతే వాళ్ల నాన్న పక్కన మరమగ్గాల కార్ఖానాలో నిలబడాలి. ఎంపిక గుట్టల బాటలో అని తెలిసింది. వాడేమో అప్పటిదాకా కాలేజీ మైదానం చుట్టూ తప్ప పరుగెత్తి ఎరగడు. ఆ మైదానంలో ఎత్తంటే గోలుపోస్టు పక్కన మట్టికుప్పే. అందుకని కోరుట్లలో బయల్దేరి, రుద్రంగి గుట్టలెక్కి, చందుర్తి దాటి, బండ్ల బాట వెంట ఒక్క పగటిలో సిరిసిల్ల చేరాలని అనుకున్నాం. వాడికి అలవాటు కోసం, మాకు వాడికి తోడు కోసం. తోడు అంటే వెనకబడి రావడం.

ముందురోజు మధ్యాహ్నం కోరుట్ల వాళ్లింట్లో సంచులు సర్దడానికి కూర్చున్నాం. వాళ్లమ్మ సత్తుపిండి ముద్దలు కట్టి ఇచ్చింది. కోరుట్ల తన అన్న దుబాయి నుంచి పంపిన వీపుసంచి, బ్యాటరీ లైటు, కాన్వాసు బూట్లు బయటికి తీశాడు. నేను నా వంతుగా దూది, కట్టుగుడ్డ, టించరు, గ్లూకోజు పొట్లాలు తెచ్చాను. అన్నీ చాప మీద పరిచి చూసుకుని కాసేపు మురిసిపోయాం. తర్వాత సిరిసిల్ల గొంతు సవరించుకున్నాడు.

"ఇవన్ని సూస్తే మనం ఉర్కనీకి పోతున్నట్టు లేదురా. లోపలికి పోతున్నట్టుంది."

లోపలికంటే అడవిలోకి, అన్నల్లోకి. నిజమే, పోలీసులు పట్టుకున్న సామాను అంటూ పేపర్లో వచ్చే ఫొటోలో ఇవే ఉండేవి, తుపాకి తప్ప. వీపుసంచి రంగు కూడా ఆకుపచ్చే. సంచి మానేసి చేతిసంచీలు తీసుకున్నాం. మందులు తీసేశాం. ఇక పోలీసుల భయం తీరిందనుకుంటే, కోరుట్ల రెండోవైపు నుంచి చూశాడు. పొట్టి క్రాపు, కాన్వాసు బూట్లు, ఎగశ్వాస మీద ఊరి గుండా పోయే మనుషులు. అన్నల కంటికి ఇది అచ్చంగా మఫ్టీ పోలీసు. బూట్లూ తీసేశాం. లైటు పోలీసులకూ అన్నలకూ నచ్చదు. చివరికి సంచుల్లో సత్తుపిండి, తువ్వాళ్లు మిగిలాయి. పరుగుకు బరువు తక్కువుంటేనే మంచిదని ఒకరికొకరం చెప్పుకున్నాం.

మిగిలింది ఒక్కటే, జవాబు. మా వైపు ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే పేరు అడగరు. ఎవరి కొడుకువని అడుగుతారు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు తడబడితే మంచిది కాదు. అందుకని నేర్చుకుందాం అన్నాం. సిరిసిల్ల భుజాన తువ్వాలు వేసుకుని, నడుం కొంచెం వంచి, మేకలు కాసే ముసలాయన అయ్యాడు. కోరుట్లను అడిగాడు. వాడు పసుపు వ్యాపారం చేసే మేనమామ పేరు చెప్పి ఇట్టే తేలిపోయాడు.

తర్వాత నా ముందుకొచ్చి, కర్ర మీద ఆనుకున్నట్టు నిలబడ్డాడు.

"ఏ ఊరు పిలగా? ఎవల కొడుకువు?"

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. జగిత్యాల నుంచి దారంతా మనసులో అనుకుంటూ వచ్చిందే. కాని నోట్లోంచి వచ్చింది అది కాదు.

"నన్నే అడుగుతున్నవురా? ఎవనివిరా నువ్వు?"

అది మా తాత గొంతు. ఆయన పోయి చాలా ఏళ్లైంది. అది నాలో ఎక్కడ కూర్చుని ఉందో నాకు తెలియదు. కోరుట్ల పకపకా నవ్వాడు. నేనూ నవ్వడానికి నోరు తెరిచాను. అప్పటికి సిరిసిల్ల భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. దొరల ముందు భుజాన తువ్వాలు ఉంచుకోకూడదు, అదీ మా వైపు పాత మర్యాద. వాడు ముసలాయన వేషంలోనే తీశాడో, వాడే తీశాడో నేను అడగలేదు. వాడు తువ్వాలు వంక చూసుకుని మెల్లగా మడతపెట్టి సంచిలో వేశాడు.

"నువ్వు బస్సుల రారా," అన్నాడు. "సంచులు నువ్వు పట్టుకరా. మాకు అల్కగైతది."

వాడి మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సాయంగా ఉండేది. సంచిలోంచి తీయవలసింది ఇంకొకటి ఉందని అందరికన్నా ఆలస్యంగా నాకు తెలిసింది.

మర్నాడు వాళ్లు చీకటి విడవకముందే బాట పట్టారు. నేను సత్తుపిండితో సహా బస్సెక్కాను. వాళ్లు తినవలసింది కూడా నా దగ్గరే ఉండిపోయిందని వేములవాడలో గుర్తొచ్చింది.

సిరిసిల్ల వాళ్లిల్లు కార్ఖానా వెనక సందులో. మగ్గాల మోత గోడలోంచి వస్తూనే ఉంది. వాళ్లమ్మ కింద కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. కొడుకు దోస్తునని చెప్పగానే చాప చూపించి, చేతులు ఖాళీగా ఎందుకని కండెల గంప నా ముందుకు నెట్టింది. నూలు తెగకుండా ఎలా పట్టాలో చెప్పింది. నేను నాలుగు తెంపాను. ఆమె నవ్వి, చదువుకున్నోళ్ల చేతులు గింతే అంది. ఆ రోజు మొత్తంలో నేను సుఖంగా ఉన్న సమయం అదే.

తర్వాత, చాలా మామూలుగా, రాట్నం ఆపకుండానే అడిగింది.

"ఎవల కొడుకువు పిలగా?"

ఈసారి సరిగ్గా చెప్పాను. తల వంచుకుని, మర్యాదగా, ఊరు పేరు, నాన్న పేరు. రాట్నం ఆగింది. ఆమె తల్లిగారిల్లు మా పక్క ఊళ్లోనట. కొంగు సర్దుకుని లేచింది, లోపలికి వెళ్లి ఆ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి తుడిచి వేసింది. వద్దన్నాను. ఆమె వినలేదు. గంప నా ముందు నుంచి తీసేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడినంతసేపూ నిలబడే ఉంది.

పొద్దు వాలే వేళకు వాళ్లిద్దరూ వచ్చారు. మోకాళ్ల దాకా దుమ్ము, కాళ్లకు పొక్కులు. కోరుట్ల చివరి ఊళ్ల దారి ఎడ్లబండి మీద వచ్చాడు. సిరిసిల్ల మొత్తం పరుగెత్తే వచ్చాడు. ఎంపికలో వాడి పేరు వస్తుందని వాడి ముఖం చూస్తేనే తెలిసింది, తర్వాత వచ్చింది కూడా. ఎవరైనా అడిగారా అన్నాను. ప్రతి ఊళ్లోనూ అడిగారట. చెప్పారట. మక్కకంకులు, మజ్జిగ ఇచ్చి పంపారట. నా దగ్గరున్న సత్తుపిండి లేకుండానే వాళ్ల కడుపు నిండింది.

వాడు గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. నేను లేచి కుర్చీ వాడి వైపు జరిపాను. వాళ్లమ్మ దాన్ని మళ్లీ నా వైపు తిప్పింది.

"కూసో చిన్నదొరా. వానికి కింద అలవాటే."

వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఆమె నేను కూర్చునే దాకా నిలబడి ఉంటుందని మాత్రం అర్థమైంది. కొడుకు కాళ్లకు నీళ్లు కాగబెట్టాలి, ఆమెకు పని ఉంది.

కూర్చున్నాను.