నా పేరు మీద ఎల్‌సీ

స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించుకోవడాన్ని మా లైన్‌మన్లు ఎల్‌సీ తీసుకోవడం అంటారు. తీసుకున్నవాడే మళ్లీ "ఎల్‌సీ వాపస్" అని చెప్పాలి. పైనున్నవాడి ప్రాణం ఆ నోటి మాట మీదే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం బహదూర్‌పురాలో వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. ఎల్‌సీ నేనే తీసుకున్నాను. బెల్టు బిగిస్తుంటే మా ఇంజనీరు గల్లీ అంతా వినేలా నన్ను పనిదొంగ అన్నాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. బెల్టు, హెల్మెట్ విప్పి కింద పడేశాను. ఎప్పుడూ కింద నిలబడి తాడు పట్టే నా దోస్తు వాటిని తీసి తగిలించుకున్నాడు.

"నీ అలక సల్లగుండ! జనం ఉక్కకు సస్తున్నరు. నేనెక్కుత. పనైనంక ఫోన్ జేస్త, ఇంటికి పో," అని నవ్వాడు.

పోయాను.

ఇంట్లో మా బిడ్డ ఇంగ్లిష్ పాఠం చదివి నాకు తెలుగులో చెబుతోంది. గ్రీకు వీరుడొకడు, రాజు అవమానించాడని అలిగి డేరాలో కూర్చున్నాడట. వాడి కవచం తొడుక్కుని వాడి దోస్తు యుద్ధానికి పోయాడట. అలగడమే కరెక్టు అనుకున్నాను. అంతలో సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"అన్నా, పనైందా? కరెంటు ఇయ్యాల్నా? ఈడ మస్తు లొల్లి జేస్తున్నరు."

"ఇస్తే ఇచ్చుకోండి, నాకేంది!" అని ఫోన్ పెట్టేశాను.

"ఆ దోస్తును సంపేసిండ్రు బాపూ," అంది బిడ్డ.

ఏమన్నాన్నేను? ఆపరేటర్‌కు ఫోన్ కొడితే ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. దోస్తుకు కొడితే ఎత్తడం లేదు.

బండి ఎలా తీశానో తెలియదు. దారి పొడుగునా దుకాణాల్లో ఫ్యాన్లే చూశాను. ఆగి ఉంటే వాడు బతికున్నట్టు. గల్లీ మొదట్లో చాయ్ హోటల్లో ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది. బండి ఆపాను.

"భాయ్, కరెంట్ ఆయా క్యా?" అని అడిగాను.

"కహాఁ ఆయా భాయ్, ఇన్వర్టర్ హై," అన్నాడు గల్లా దగ్గర కూర్చున్నాయన. కరెంటు ఇంకా రాలేదట.

స్తంభం మీద నా హెల్మెట్ కదులుతోంది. అప్పుడు ఆపరేటర్ ఫోన్ కలిసింది. "నువ్వు ఎల్‌సీ వాపస్ అనలే కదన్నా, గందుకే ఇయ్యలే," అన్నాడు.

దోస్తు దిగి, నా బెల్టు నా చేతికిచ్చాడు. "ఏందిరా మళ్లొచ్చినవ్? ఎల్‌సీ నీ పేరు మీదున్నది కదా, నాకైతే ఫికరే లేకుండె," అన్నాడు.

ఫోన్లో నేనన్న మాట వాడికి చెప్పడానికి భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది.