పిట్ట కొంచెం

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశానని నేనంటాను, బడే నన్ను మానేసిందని మా ఇంటిది అంటుంది. అంటుంది కాదు, అనేది. ఆ రెండు మాటల మధ్య జరిగిందే ఇప్పుడు రాస్తున్నాను.

నాది గాజుల వ్యాపారం. ఇప్పుడంటే నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద ఫ్యాన్సీ షాపు ఉంది గానీ, పెళ్లికి ముందు సైకిలు వెనక గాజుల మలారం కట్టుకుని జాతరలూ తీర్థాలూ అన్నీ తిరిగేవాణ్ణి. నాకొచ్చిన లెక్క ఒక్కటే. ఆడవాళ్ల చెయ్యి చూసి సైజు చెప్పేస్తాను. రెండూ నాలుగు, రెండూ ఆరు, రెండూ ఎనిమిది. అంటే రెండంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగో ఆరో ఎనిమిదో.

బలిఘట్టం శివరాత్రి తీర్థంలో ఆమె చెయ్యి నా చేతిలోకి వచ్చింది. రెండూ నాలుగు. బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు దగ్గరకు నొక్కి, మట్టిగాజు చిట్లకుండా ఎక్కించడం నాకు చిటికెలో పని. ఆ రోజు మాత్రం కొంచెం ఎక్కువసేపే పట్టింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. పక్కనే వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆ పిల్ల తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినపడేటట్టు అంది.

“గాజెక్కించడానికే ఇంతసేపైతే పుస్తి కట్టడానికి ఎన్నేళ్లు పడతాది?”

మూడు నెలలు పట్టింది.

ఆ గొంతు గాజులు మోగినట్టుండేదని నేను రాయను. గాజులవాడు ఎలాగూ అలాగే అంటాడు. సన్నటి గొంతు. వీధి చివరి నుంచి పిలిచినా దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చి నా చెవిలో దూరేది. మా కాపురమంతా ఒక పోటీ. నేనొకటి అంటే ఆమె రెండు అనేది. రెండోది ఎప్పుడూ నాకంటే బాగుండేది. నేను ఓడిపోవడానికే మాట మొదలుపెట్టేవాణ్ణి.

మా అమ్మాయి పుట్టాక ఆమె చెయ్యి రెండూ ఆరు అయింది. అది మామూలే, పిల్లలు పుట్టాక చాలామందికి ఒక సైజు పెరుగుతుంది. నాలుగేళ్లకి రెండూ ఎనిమిది. షాపులో సరుకు తినేస్తన్నావేటే అన్నాను. ఇంకో మూడేళ్లకి రెండూ పది. ఆ సైజు మా దగ్గర మూలనున్న ఒక్క పెట్టెలోనే ఉండేది. ఇంక నీకు గాజులు కాదు, బిందె మూతలు తొడగాలి అన్నాను. ఆమె తన చెప్పులు పట్టక నా చెప్పులేసుకుని సంతకెళ్లేది. ముక్కు వెడల్పయింది, పళ్ల మధ్య సందులొచ్చాయి, ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారేవి. ప్రతిదానికీ నా దగ్గర ఒక జోకు ఉంది. ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబు ఉంది. అందుకే నాకు ఏమీ కనపడలేదు.

చివరగా గొంతు మారింది. ముందు బొంగురుపోయింది, తర్వాత మగగొంతులా బరువెక్కింది.

ఒక సంత రోజు కొయ్యూరు వైపు నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లు నల్లపూసలు కొనడానికి వచ్చారు. ఒకామె గాజుల్లో ఏదో రంగు అడిగితే, లోపలి గదిలోంచి మా ఇంటిది, ఉందమ్మా అని కేకేసింది. అడిగినామె లోపలికి తొంగి చూస్తూ, అన్నగారున్నారేటి లోపల అని అడిగింది.

“అన్న కాదమ్మా, మా మావగారు. పిల్లని పంపమంటే ఆయనే వొచ్చీసేరు” అన్నాను.

అందరూ నవ్వారు. మా ఇంటిది కూడా గుమ్మం దాకా వచ్చి నవ్వింది. సరిగ్గా మర్నాటి నుంచి షాపులో మాట మానేసింది. ఎవరేది అడిగినా వేలితో చూపించేది. ఇంటి దగ్గర అన్నం పెట్టాను, తలుపెయ్యి, పడుకుంటాను, అంతే. నేను ఎన్ని అన్నా ఎదురు మాట లేదు. పోటీలో అవతలివాళ్లు ఆట ఆపేస్తే గెలిచినట్టు కాదని నాకు అప్పుడు తెలిసింది. రోజంతా నా జోకులు నాకే వినపడేవి. ఒక్క తిట్టు, ఒక్క ఎత్తిపొడుపు ఆ నోట్లోంచి వస్తే చాలనిపించేది. సుమారు రెండేళ్లు అలాగే గడిచాయి.

ఆ తర్వాత ఆమె షాపులో పక్కనున్న గాజుల స్టాండులు గుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. కళ్లజోడు పెట్టిద్దామని తీసుకెళ్తే, ఊళ్లో కళ్ల డాక్టరు గారు అద్దాలన్నీ మార్చి చూసి, లోపం కంటిలో లేదు, కంటి వెనకాల ఏదో నరాన్ని నొక్కుతోంది, విశాఖపట్నం వెళ్లండని చీటీ రాశారు.

విశాఖపట్నంలో డాక్టరమ్మ గారు ముందు మా ఇంటిదాని చేతులు పట్టుకుని తిప్పి చూశారు. తర్వాత పాత ఫొటో ఉందా అని అడిగారు. నా ఫోనులో పెళ్లి ఫొటో ఉంది. ఆవిడ దాన్ని మా ఇంటిదాని మొహం పక్కన పెట్టి పట్టుకున్నారు. నేను రోజూ చూసే మొహం అది. రోజూ చూడటం వల్లే ఎప్పుడూ చూడలేదు. ఎప్పటి నుంచి ఈ మార్పు అని ఆవిడ అడిగితే, పెళ్లినాటికి రెండూ నాలుగు, పాప పుట్టాక రెండూ ఆరు, పాప బళ్లో చేరినప్పుడు రెండూ ఎనిమిది అని గడగడా చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి నా వైపు చూశారు.

“జబ్బు ఎంత పెరిగిందో, ఎప్పుడు పెరిగిందో మీ దగ్గర అంగుళాలతో సహా ఉందండీ” అన్నారు.

ఆవిడ తప్పు పట్టలేదు. పట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కాగితం మీద బొమ్మ గీశారు. ముక్కు మొదలుకి వెనకాల, మెదడు అడుగున, ఎముకలో గుర్రం జీనులాంటి చిన్న గుంట. ఆ గుంటలో బఠాణీ గింజంత గ్రంథి, పైన మెదడుకి తొడిమతో వేలాడుతూ. పేరు పిట్యూటరీ. దానికి ముందు భాగం, వెనక భాగం ఉన్నాయి. ముందుది కార్ఖానా. ఒళ్లు పెరగడానికి ఒక రసం, తల్లికి పాలు పడటానికి ఒకటి తయారుచేస్తుంది. మెడలోని థైరాయిడ్‌కి, కిడ్నీల మీదున్న గ్రంథులకి, అండాశయాలకి పని చెప్పే రసాలూ అక్కడివే. వెనకది సొంతంగా ఏమీ తయారు చెయ్యదు. మెదడులో తయారైన సరుకు తొడిమ గుండా కిందికి దిగితే, దాచి, అవసరమైనప్పుడు వదులుతుంది. ఒంట్లో నీళ్లు నిలిపే రసం, కాన్పప్పుడు నొప్పులు తెప్పించే రసం దాని దగ్గర ఉంటాయి. అది నాకు వెంటనే అర్థమైంది. ఫిరోజాబాద్ గాజులు తెచ్చి నర్సీపట్నంలో అమ్మే నేను ఆ వెనక భాగంలాంటివాణ్ణి.

మామూలుగా అయితే, పెరిగింది చాలు అని ఒంట్లోంచి రక్తంలో కబురు వస్తుందట, అది విని గ్రంథి చెయ్యి ఆపేస్తుందట. మా ఇంటిదానికి ముందు భాగంలో చిన్న గడ్డ లేచింది. దానికి చాలు అన్న మాట వినపడదు, ఒళ్లు పెంచే రసం పోస్తూనే ఉంటుంది. ఎత్తు పెరిగే వయసు దాటిపోయింది కాబట్టి ఎముక అడ్డంగా పెరుగుతుంది. ఆ గుంటకి సరిగ్గా పైనే రెండు కళ్ల నరాలూ కత్తెరలా దాటుకుంటాయి. గడ్డ పైకి ఎగదన్ని వాటిని నొక్కింది.

చాలు అన్న మాట వినపడదు అని డాక్టరమ్మ గారు అన్నప్పుడు, మా ఇంటిది బొమ్మ వైపు కాకుండా నా వైపు చూసింది.

నేను ఊరుకున్నానా? పిట్యూటరీ అన్న పేరులో నాకు మొదటి రెండక్షరాలే దొరికాయి. బఠాణీ గింజంత దానికి ఇంత రాజ్యమా అనిపించి, “అదే కదండీ, పిట్ట కొంచెం...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. మిగతా సగం ఎవరికి తెలియదు? డాక్టరమ్మ గారికి తెలుసు. మా ఇంటిదానికి తెలుసు. కూత అన్న మాట ఎవరూ అనలేదు. అనకుండానే ఆ గదిలో ముగ్గురికీ వినపడింది. మా ఇంటిది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు కాదు.

ఆపరేషను ముక్కులోంచే చేశారు, తల మీద గాటు లేదు. పక్క చూపు తిరిగి వచ్చింది. చెమటలు తగ్గాయి, వేళ్ల వాపు కొంత దిగింది. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాదన్నారు, గొంతు మీద ఆశ పెట్టుకోవద్దన్నారు. సరేనన్నాను. మనసు వినాలి కదా. ఇంటికొచ్చిన వారానికి, ఆమె పడుకున్నప్పుడు మా పెళ్లి సీడీ వెతికి తీశాను. ఆ గొంతు ఒక్కసారి వినాలని. మూడు గంటల సీడీ. ఆమె నోరు కదులుతూనే ఉంది, పక్క పిల్లలతో ఏదో అంటోంది, వాళ్లు విరగబడి నవ్వుతున్నారు. ఏమందో తెలీదు. వీడియో తీసినవాడు మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు అతికించేశాడు. తాళి కట్టేటప్పుడు మాత్రం సన్నాయి పెట్టాడు. అక్కడా ఆమె మాట లేదు.

నిన్న మధ్యాహ్నం షాపులో ఫోను మోగింది. నా రెండు చేతులూ మట్టిగాజుల పెట్టెలో ఉన్నాయి. మా ఇంటిది తీసి, స్పీకరు నొక్కింది. యలమంచిలి నుంచి ఎవరో ఆవిడ. అన్నయ్యా, ఆకుపచ్చ మట్టిగాజులు నాలుగు డజన్లు కావాలి, ఉన్నాయా అంది. ఇన్నాళ్లూ అయితే ఫోను నా చెవి దగ్గర పెట్టేసేది.

“ఉన్నాయమ్మా. బేగి రా, అయిపోతన్నాయి” అంది. అన్నయ్య కాదని చెప్పలేదు.

ఫోను పెట్టేసింది. నాకు జోకు పళ్ల దాకా వచ్చింది. పెదాలు బిగించి మింగాను. ఆమె చూస్తోంది.

“అనీసీ” అంది.

“ఏటి?”

“నోట్లో ఎట్టుకుని నానబెడతన్నావు కదా. అనీసీ మావా.”

అనడానికి చూశాను. వేరే మాట వచ్చింది.

“నీ పాత గొంతు నాకు జ్ఞాపకం రావట్లేదే” అన్నాను.

ఆమె నా పక్కకి వచ్చింది. పెట్టెలోంచి ఒక గాజు తీసి వెలుగుకి పట్టి, చిట్లిందేమో చూసి, పక్కన పెట్టింది.

“నాకూ రాదు” అంది. “ఇంక దీంతోటే తిడతాను. అలవాటు సేసుకో.”

అయితే తిట్టమన్నాను. బేరం వస్తంది, తరవాత అంది.