ఏడో నంబరు అంగీ

కిందటి నెల పన్నెండో తారీఖున బోనకల్ స్టేషన్‌లో బండి నలభై నిమిషాలు ఆలస్యం. నేను కూర్చున్న బెంచీకి కొంచెం అవతల, ఎక్కడో ఫుట్‌బాల్ ఆడి వస్తున్న యువకులు పద్నాలుగు మంది నేల మీద కూర్చుని పిక్కలకు నొప్పుల మందు రాసుకుంటున్నారు. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా చూపు వాళ్ళ మెడల మీదికి పోయింది. ఎవరు మాటిమాటికీ తల తిప్పి చుట్టూ చూస్తున్నారో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బండి వచ్చేలోగా ఒకతను ముప్పై ఒక్కసారి చూశాడు. మిగతావాళ్ళెవరూ పది దాటలేదు. ఒక ముసలామె తమను అంత పట్టి పట్టి ఎందుకు చూస్తోందో వాళ్ళకు తెలియదు. ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నలభై తొమ్మిదో ఏట కొమురయ్య అనే పంపు ఆపరేటర్ దగ్గర నేర్చుకున్నది. ఆయన పోయి పదిహేనేళ్ళయింది.

మణుగూరు దగ్గర ఒక గని టైం ఆఫీసులో నేను హాజరు గుమాస్తాగా పనిచేసేదాన్ని. మా ఆయన పోయాక వచ్చిన ఉద్యోగం అది. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ ఒక టోకెన్ నంబరు ఉంటుంది. కిటికీలోంచి ఆ బిళ్ళ లోపలికి వస్తుంది, నేను పట్టీలో సమయం వేస్తాను. 2002 ఆగస్టులో ఒకరోజు ఫస్ట్ షిఫ్టుకు కొమురయ్య నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. నాలుగు అని రాశాను. షిఫ్టు దిగాక ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బతిమాలడానికి వచ్చాడనుకున్నాను.

"నాలుగు నిమిషాలని ఎట్ల రాసినవ్ చెల్లె?"

"గడియారం చూసి రాసిన."

"ఇంతకుముందున్నాయన అయితే ఐదన్న రాస్తుండె, లేకుంటే విడిచిపెడుతుండె."

"నాలుగైతే నాలుగే అన్నా. ఐదెందుకు రాస్త?"

ఆయన నవ్వాడు. "ఆదివారం నాడు ఏం పని నీకు?"

ఆదివారం నాకు ఏ పనీ లేదు. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు ఆలోచించాను.

మా కాలనీకి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. బొగ్గు దుమ్ముతో నల్లబడ్డ మైదానం, రెండు బంతులు, అందులో ఒకటి కుట్లు వేసినది. ఏటా ఫిబ్రవరిలో చుట్టుపక్కల క్లబ్బులన్నీ మా మైదానంలోనే పోటీ ఆడేవి. వాటిలో డబ్బున్న క్లబ్బు ఒకటే. సొంత బస్సులో దిగేవాళ్ళు కాబట్టి మావాళ్ళు దాన్ని బస్సు టీం అనేవారు. హైదరాబాద్ నుంచి, ఇంకా దూరం నుంచి ఆటగాళ్ళను కిరాయికి తెచ్చుకునేవాళ్ళు. కొమురయ్య మా క్లబ్బుకు కోచ్ కాదు, కెప్టెన్ అంతకంటే కాదు. ఆయన చేసే పని ఒక్కటే. ఆదివారాలు బస్సెక్కి అడవి పక్క ఊళ్ళకు పోయి, కోతలైన పొలాల్లో జరిగే ఆటలు చూసి, మాకు పనికొచ్చే మనిషిని పట్టుకొచ్చేవాడు.

మొదటి ఆదివారం పినపాక దాటి ఒక కోయ ఊరికి తీసుకుపోయాడు. గట్టు మీద కూర్చుని, చేతికి నోటుపుస్తకం ఇచ్చాడు. గంటన్నర తర్వాత చూపిస్తే, ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో చక్కగా గీతలు గీసి రాసి ఉంది. ఆయన దాని మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

"తప్పు రాసిన్నా?"

"తప్పు లేదు. అక్కర లేదు. గోల్ కొట్టేటోన్ని ఊరంత చూస్తది. ఆని పేరు బస్సు టీమోళ్ళ దాక పోతది, వాళ్ళు వచ్చి పట్టుకపోతరు. మనకు వాళ్ళ కండ్లల్ల పడనోడు గావాలె."

"గట్లాంటోన్ని నేనెట్ల గుర్తువడుత?"

"బంతి చూడకు. బంతి లేనోన్ని చూడు. బంతి తన కాడికి రాకముందు ఎన్నిసార్లు తల తిప్పి చూసుకుంటుండో రాయి. బంతి పోగొట్టుకున్నంక నడుం మీద చేతులు వెట్టుకొని నిలబడుతుండా, ఎమ్మటే ఎనుకకు ఉరుకుతుండా, అది రాయి. గీ రెండే. నేను చూస్త గని లెక్క మర్చిపోత. నీకు మరుపు లేదు."

అప్పటి నుంచి నా పుస్తకంలో రెండే గళ్ళు. ఒకటి 'చూపు', రెండోది 'పరుగు'. పొలం వాలుగా ఉంటే ఏ సగంలో ఎవరు ఎగువకు ఆడారో కూడా పైన రాయాలి. మంచి అంకెలు వచ్చిన మనిషి దొరికితే కొమురయ్య అతనితో మాట్లాడేవాడు కాదు, ముందు వాళ్ళ ఇంటికి పోయేవాడు. వాకిట్లో కూర్చుని ఆట ఊసే ఎత్తకుండా, మిరప ఏరుడు ఎప్పుడు మొదలవుతుంది, తునికాకు కోతకు ఎందరు పోతారు, ఇంట్లో ఎవరి చేతి కింద ఏ పని ఉంది అని అడిగేవాడు. ఆ పనుల రోజుల్లో ఆటగాణ్ణి పిలవనని మాట ఇచ్చేవాడు. బస్సు టీం వాళ్ళు కూడా ఒకసారి ఆ ఊళ్ళలో ఎంపికలు పెట్టారు. ఆకు కోత నెలలో పెట్టారు కాబట్టి ఒక్కరూ రాలేదు. అక్కడివాళ్ళకు ఆట మీద ఆసక్తి లేదని చెప్పుకుంటూ పోయారు.

రెండేళ్ళలో అట్లా నలుగురు వచ్చారు. 2003లో బస్సు టీం మీద మూడు గోల్స్ తేడాతో ఓడిపోయిన మేము, 2004లో ఒక్క గోల్ తేడాతో ఓడాం. నా లెక్కలో అది పెద్ద మార్పు. క్లబ్బు సెక్రటరీ లెక్కలో ఓటమి ఓటమే. 2005 జనవరి మీటింగులో ఆయన అందరి ముందు తేల్చి చెప్పాడు.

"కొమురన్నా, అడవి పొంటి తిరుగుడు చాలు. ఈసారి గెలిస్తే సరే. లేకుంటే వచ్చే ఏడు నేను కూడ ముగ్గురిని కిరాయికి తెస్త. నీ నలుగురు ఇంటికి పోవుడే."

"ముగ్గురిని తెస్తే ముగ్గురే వస్తరు. బస్సు టీమోళ్ళ కాడ గట్లాంటోళ్ళు పదకొండు మంది ఉన్నరు" అన్నాడు కొమురయ్య.

"మరి నీ కాడ ఏమున్నది?"

"సుగుణమ్మ పుస్తకమున్నది."

అందరూ నా వైపు చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నలుగురి చోటు, ఆయన ఇన్నేళ్ళ తిరుగుడు, రెండూ నా అంకెల మీద ఉన్నాయని ఆ క్షణం అర్థమైంది.

మాకు మైదానం మధ్యలో ఆడే మనిషి కావాలి. అదే వారం కొమురయ్యకు మలేరియా వచ్చి దవాఖానాలో పడ్డాడు. నేను ఒక్కదాన్నే భద్రాచలం మీదుగా పర్ణశాల వైపు పోయి, బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి ఒక ఊరి ఆట చూశాను. ఏడో నంబరు అంగీ వేసుకున్న మనిషికి చూపు నలభై నాలుగు, పరుగు ఇరవై ఒకటి. రెండు గళ్ళూ అంత నిండుగా ఉన్న పేజీ నా పుస్తకంలో అంతకుముందు లేదు. ఆట అయ్యాక "ఏడో నంబరు ఎవరు?" అని అడిగాను. అంగీ ఒంటి మీద ఉన్న మనిషి చెయ్యెత్తాడు. పేరు జోగయ్య, ఇరవై రెండేళ్ళు. ఇంటివాళ్ళతో మాట్లాడి, మరుసటి ఆదివారం కాలనీకి పిలిపించాను.

జోగయ్య వచ్చి ఎనిమిది రోజులు మధ్యలో ఆడాడు. బంతి కాలికి తగిలాక గాని అది వచ్చిన సంగతి అతనికి తెలిసేది కాదు. రోజూ మైదానం పక్కన సెక్రటరీ గొంతు వినిపించేది. "అమ్మా, నీ నలభై నాలుగు నిద్రపోతుండు సూడు." జోగయ్యకు ఆ మాట వినిపించేది. తల వంచుకుని ఇంకా గట్టిగా పరుగెత్తేవాడు.

కొమురయ్య జ్వరం తగ్గి వచ్చి, ఒక సాయంత్రం ఆట చూసి, నా పుస్తకం అడిగాడు. మొత్తం చూడలేదు. దాని పైన నేను విడివిడిగా వేసిన అంకెలు చూశాడు. మొదటి సగంలో చూపు ముప్పై ఎనిమిది, పరుగు రెండు. రెండో సగంలో చూపు ఆరు, పరుగు పంతొమ్మిది.

"గింత తేడా వస్తే నీకు అనుమానం రాలేదా?"

"రెండో సగంల ఎగువకు ఆడిన్రు. అందుకే ఎక్కువ ఉరికిండనుకున్న."

"ఎగువకు ఆడితే కాళ్ళు మారుతయి గాని మెడ మారుతదా?" మళ్ళీ పేజీ చూసి అడిగాడు. "ఆ ఊళ్ళె అంగీలు ఎన్ని?"

నాకు తెలియదు. ఆయనకు తెలుసు. ఊరందరికీ కలిపి పదకొండే. ఒకరు ఆటలోంచి బయటికి వస్తే అంగీ విప్పి, లోపలికి పోయేవాడికి ఇస్తారు. హాఫ్ టైంలో నేను పేజీ తిప్పి గీతలు గీసుకుంటున్నాను. తల ఎత్తి మొహాలు చూడలేదు.

"నీ కిటికీ కాడ నంబరంటే మనిషి" అన్నాడు. "వాళ్ళ కాడ నంబరంటే అంగీ. నువ్వు ఇద్దర్ని కూడి, లేని మనిషిని ఒకణ్ణి తయారు చేసినవ్."

పోటీకి ఇంకా పది రోజులున్నాయి. సెక్రటరీ దగ్గర ఒక దారి సిద్ధంగా ఉంది. జోగయ్యకు కాలు బాగాలేదని చెప్పి పంపించి, అసలువాణ్ణి పిలిపించమన్నాడు. కొమురయ్య ఒప్పుకోలేదు. "అబద్ధం చెప్పి ఒకణ్ణి పంపితే, రేపు ఆ ఊళ్ళె నా మాట ఎవడు వింటడు?" అని నా వైపు తిరిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పాలె. తప్పు నీది, నువ్వే చెప్పాలె చెల్లె."

నేను నా ఉద్యోగంలో ఎప్పుడూ ఎవరికీ తప్పు రాశానని చెప్పవలసి రాలేదు. జోగయ్య కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పుస్తకం తెరిచి చూపిస్తూ, మొదటి సగం అంకెలు నీవి కావు, పొరపాటున నిన్ను పిలిచాను అని చెప్పాను. అతను కాళ్ళు కడుక్కోవడం ఆపలేదు.

"నాకు ఎరికే అమ్మా. అవి బుచ్చయ్యవి. సగం ఆటకు ఆని కావలి వంతు వచ్చింది, మిరపకాయల కాడికి పోయిండు. నువ్వు పిలిచిన్నాడే ఎరిక."

"మరి చెప్పలేదేంది?"

"నన్ను ఎవరు పిలిచిన్రు ఇంతకుముందు?"

అతనే మళ్ళీ అడిగాడు. "రెండో సగానివి నాయే గదా. అవెట్ల ఉన్నయ్?"

పంతొమ్మిది. పోగొట్టుకున్న బంతి వెనక అన్నిసార్లు వెంటనే పరుగెత్తిన మనిషి నా పుస్తకంలో ఇంకొకడు లేడు. కూడిక మీద అంత మురిసిపోయి, ఆ అంకెను విడిగా నేను చూడనే లేదు. పుస్తకం పట్టుకుని కొమురయ్య దగ్గరికి తిరిగి వెళ్ళాను. ఆయన అది ముందే చూశాడేమో నాకు ఇప్పటికీ తెలియదు. "మరి వాణ్ని నడుమ ఎందుకు ఆడిపిస్తున్నం? ఎనుక పెడదాం" అని మాత్రం అన్నాడు.

మర్నాడు ముగ్గురం ఆ ఊరికి పోయాం. బుచ్చయ్య కళ్ళం దగ్గర మిరపకాయలు తిరగేస్తున్నాడు. జోగయ్య వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. బుచ్చయ్య నన్ను ఎగాదిగా చూసి నవ్వి, తెలుగులో అన్నాడు. "జోగయ్యను పంపియ్యకుంటే వస్త. పంపిస్తే నేను రాను." కొమురయ్య అతని తండ్రితో కావలి వంతుల గురించి మాట్లాడాడు. వారం రోజుల వంతులు మార్చుకోవడానికి గంట పట్టింది.

ఫైనల్ బస్సు టీంతోనే పడింది. వాళ్ళ పదో నంబరు మనిషి దూరం నుంచి వచ్చినవాడు, మంచి ఆటగాడు. జోగయ్య పని అతని వెంట ఉండడమే. అతను రెండుసార్లు తప్పించుకుపోయాడు, రెండుసార్లూ జోగయ్య వెనక్కి ఉరికి అందుకున్నాడు. మూడోసారికి ఆ మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. రెండో సగంలో, బంతి తన దగ్గరికి రాకముందే బుచ్చయ్య ఎడమవైపు ఖాళీని చూసుకుని ఉన్నాడు. బంతి అతని కాలి దగ్గర ఒక్క క్షణమే ఆగి, ఆ ఖాళీలోకి పోయింది. గోల్ కొట్టింది మా కాలనీ వెల్డర్. జనం అతన్నే ఎత్తుకున్నారు. ఒకటి, సున్నా. సెక్రటరీ కొమురయ్య పక్కన కూర్చుని, "సరే, తిరుగు నీ అడవి పొంటి" అన్నాడు. కిరాయి మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు బస్సు టీం బుచ్చయ్యను తీసుకుపోయింది. కొమురయ్యే వెళ్ళి అతన్ని బస్సెక్కించాడు. "మిరప దినాలు వాళ్ళకు ముందే చెప్పుకో" అన్నది ఒక్కటే సలహా. నాకు కోపం వచ్చింది. "వాళ్ళకు చూసుడు వచ్చింది చెల్లె. మనం ఇంకోటి చూడాలె" అన్నాడు. 2006లో రిటైరయ్యాడు. 2010లో పోయేదాకా ఆదివారాలు మానలేదు.

ఫైనల్ తర్వాతి పొద్దున, టైం ఆఫీసు కిటికీలోంచి మొదటి బిళ్ళ లోపలికి రాగానే నేను తల ఎత్తి చూశాను. ఎనిమిదేళ్ళుగా ఆ మనిషి నంబరు నాకు కంఠతా వచ్చు. మొహం మాత్రం కొత్తగా ఉంది. పేరు అడిగితే తెల్లబోయి చెప్పాడు. ఆ షిఫ్టులో నూట పన్నెండు మందిని అడిగాను. పట్టీ పావుగంట ఆలస్యమైంది, పై అధికారి చీవాట్లు పెట్టాడు. అప్పటి నుంచి రెండు అంకెలను కూడే ముందు, అవి ఒకే మనిషివా అని చూసుకుంటాను.

జోగయ్య ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆట నేర్పుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, ఒక అమ్మాయి బాగా ఆడుతోందని, వీడియో పంపిస్తానని అన్నాడు. వీడియో బంతి వెంటే తిరుగుతుంది, నాకు పనికిరాదన్నాను.

"మరి ఎట్లనమ్మా?"

"నేనే వస్త. ఆట మొదలుగాక ముందే వస్త. అందర్నీ పేర్లు అడగాలె."