అల్మారాకు ఆనించిన బాస్

నా టీషర్టుల మీద పుర్రెలుంటయి. మేం వాయించే పాటల్ల నరకమో, స్మశానమో, దయ్యమో లేని పాట ఒక్కటి దొరకదు. అయినా చెప్తున్న, దయ్యాలను నేను ఏనాడూ నమ్మలే. రోడ్డు మీద నిమ్మకాయలు దాటొద్దని మా నాయనమ్మ మొత్తుకుంటే కావాలని దాటిపోయేటోణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నవా అని మాత్రం అడగొద్దు. జరిగింది జరిగినట్టు చెప్త, మీరే చూస్కోండి.

మా ఇల్లు చిక్కడపల్లి. హెవీ మెటల్ బ్యాండ్లల బాస్ వాయిస్త. చూడనీకి గిటార్ లెక్కనే ఉంటది గని తీగలు లావు, సప్పుడు లోతు. చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా "ఆ పెద్ద గిటారేనా?" అంటరు. మా అమ్మకైతే అది కూడా లేదు. "దయ్యం పట్టినోళ్ళ లెక్క ఒర్లుతరు గదా, ఆళ్ళ ఎనక నిలవడ్తడు మావోడు" అని చెప్తది.

ఒకే టైంల నాలుగు బ్యాండ్లల వాయించిన. గొప్పోణ్ణని కాదు. ఈ ఊర్ల అందరికీ గిటారే కావాలె, ముందుకొచ్చి జుట్టు ఊపాలె. ఎనక నిలవడేటోడు దొరకడు. అందుకే ఒక్క బాసిస్టును నాలుగు బ్యాండ్లు పంచుకుంటయి, నాలుగిండ్లకు ఒక వాచ్‌మన్ ఉన్నట్టు. ఏ బ్యాండుల ఏ పాటకు తీగ ఎంత వదులు చేసి స్వరం దించాల్నో యాది పెట్టుకునుడే నా కెరీర్.

నిజం చెప్పాల్నంటే ఈ బ్యాండ్ల లోకం అంటేనే నాకు రోత. నారాయణగూడల మా ప్రాక్టీస్ రూం ఒక సెల్లార్. సప్పుడు బయటికి పోకుండ గోడలకు కోడిగుడ్ల అట్టలు, హాస్టళ్ళోళ్ళు పారేసిన పరుపులు కొట్టిన్రు. ఆ పరుపుల కంపు బట్టలకు పట్టిందంటే సర్ఫుకు గూడ పోదు. షోలకు పోతే సౌండ్ చూసేటోడు అందరికంటే ముందు నా సప్పుడే తగ్గిస్తడు. ఇగ పాటలు రాసుడు కంటే బ్యాండు పేరు ఎవనిదని కొట్లాడుకునుడే ఎక్కువ.

అన్నిట్లకెల్ల పెద్ద రోత రాకీ. అసలు పేరు రాకేశ్. ఒక బ్యాండుకు గిటారిస్టు, లీడరు, ఇంకా ఆయన ఏమనుకుంటే అది. ఆ బ్యాండుల నాకంటే ముందు బాస్ వాయించింది వినయ్. పొద్దంత కోఠిల ఒక దుకాణంల పని చేసేటోడు. చెల్లె లావణ్యతోని అశోక్ నగర్ల ఒక కిరాయి రూంల ఉండేటోడు. ఆ పిల్ల గ్రూప్స్‌కు చదువుతుంది. వినయ్ మాట తక్కువ మనిషి, నాకంటే ఎంతో మంచిగ వాయించేటోడు. డెంగీ వచ్చి వారం తిరగకముందే పోయిండు.

ఆయన జాగాల నన్ను పిలిచిన్రు. పోయిన. ఎవరో ఒకరు వాయించాలె గదా.

ఒకరోజు లావణ్య మా ఇల్లెక్కడని అడుగుకుంట వచ్చింది. "అన్నా, నా ఫోన్ల మా అన్న వీడియోలు మస్తున్నయి. అన్నిట్ల వేళ్ళు కదుల్తయి గని సప్పుడే వస్తలేదు. ఒక్కసారి మా అన్న వాయించింది వినిపిస్తవా?" అన్నది.

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఫోన్ల బాస్ సప్పుడు పడదు. పడ్డా ఆ చిన్న స్పీకర్ల నుంచి బయటికి రాదు. ఇన్నేండ్లు వాయించిన మనిషి చివరికి మూగ వీడియోల మిగిలిండు.

రాకీ కంప్యూటర్ల ఉంటదని నాకు ధైర్యం. బ్యాండు పాటలు రికార్డ్ చేసేటప్పుడు ఎవరి సప్పుడు వాళ్ళదే విడిగ దాస్తరు. వినయ్ వాయించింది ఒక్కటే తీసి పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి ఇస్తే అయిపాయె. గదే అడిగిన. రాకీ ఛాయ్ తాగుకుంట, తల గూడ ఎత్తకుండ, "అవన్నీ డిలీట్ కొట్టినరా. డిస్క్ నిండింది. గిటార్లు, డ్రమ్స్ ఉంచిన. బాస్ నువ్వు మళ్ళ వాయిద్దువు తీ. బాస్ ఎవడు వింటడ్రా?" అన్నడు.

థూ. చచ్చిపోయిన మనిషి చేతులవి. చెత్త ఊడ్చినట్టు ఊడ్చిండు.

అంతటితోని ఆగినా బాగుండు. వినయ్ పేరు మీద ఒక నివాళి పాట విడుదల చేస్తమని పోస్టర్ కొట్టిచ్చిండు. చచ్చినోని కండ్లు చారెడు అన్నట్టు, ఉన్నప్పుడు ఒక్కసారి మెచ్చుకోనోడు "నా ప్రాణం, నా తమ్ముడు" అని రాసుకున్నడు. ఆ పాటల సగం వినయ్ కట్టిందే. పోస్టర్ మీద మాత్రం సంగీతం రాకీ. శవం మీద పేలాలు ఏరుకునుడు అంటే ఏందో నేను ఆ రోజు కండ్లార చూసిన.

మానేద్దామనుకున్న. లావణ్య మొకం యాదికొచ్చి ఆగిన. కనీసం వినయ్ కట్టిన వరుస, ఆయన వాయించినట్టే వాయించి ఆ పిల్లకిద్దామని ఆ పాట రికార్డింగ్‌కు ఒప్పుకున్న.

ఇప్పుడు చెప్పేది జర మంచిగ వినండి. రికార్డింగ్ పట్టపగలే జరిగింది, అదే సెల్లార్ల. రూంల మైకు లేదు. నా బాస్‌కు ఒక వైరు, ఆ వైరు సీదా కంప్యూటర్‌కు. బయట ఎవరు అరిచినా దాంట్ల పడదు. నా బాస్‌కు నాలుగే తీగలు. వినయ్‌ది ఐదు తీగలది, ఆ ఐదోది అన్నిట్లకంటే లావు, అన్నిట్లకంటే లోతు. ఆ బాస్ ఇక్కడ లేనే లేదు. వాళ్ళ బాపు ఊరికి తీస్కపోయిండు.

పాట మొత్తం తప్పు లేకుండ వాయించిన. చివరి దెబ్బ కొట్టంగనే అరచెయ్యి తీగల మీద పెట్టిన. ఇది ప్రతి బాసిస్టు చేసే పనే, లేకుంటే తీగ మోగుతనే ఉంటది. సప్పుడు ఆగింది. రాకీ గూడ చూసిండు.

తిరిగి వింటే, పాట అయిపోయినంక జరసేపు ఏం లేదు. ఆ తర్వాత ఒక్క సప్పుడు. ఒకే ఒక్క తీగ, మెల్లగ మీటి ఇడిసిపెట్టినట్టు. మస్తు లోతుగ ఉంది. నా బాస్‌ల అంత కింది స్వరం లేదు. అది ఐదో తీగ సప్పుడు.

"నువ్వే ఏదో కొట్టినవ్" అన్నడు రాకీ. మళ్ళ వాయించిన. ఈసారి చివరి దెబ్బ అయిపోంగనే బాస్‌ల నుంచి వైరే గుంజి పడేసిన. మళ్ళ అదే జాగాల అదే సప్పుడు. చేతిల ఉన్న వైరు కొసను రాకీకి చూపించిన. రాకీ మాత్రం "సిస్టంల ఏదో లొల్లి ఉంది" అని ఆ ముక్క కత్తిరించి పడేసిండు. కత్తిరించకముందే ఒక కాపీ నేను తీసుకున్న.

ఇంటికి పోయి నా లావు తీగను ఆ స్వరం దాక దించి చూసిన. బట్టలారేసే తాడు లెక్క వదులై గరగరమన్నది తప్ప ఆ సప్పుడు రాలే.

ఆదివారం పగటీలి అశోక్ నగర్ పోయిన. లావణ్య ఉన్నది అదే రూం. తోటి చదివే పిల్ల ఒకామె ఇప్పుడు తోడుంటుందట గని ఆ పూట లేదు. గోడ పొంటి ఒక పాత చెక్క అల్మారా, దాని ముందట చాప, చాప మీద పుస్తకాలు. మీ అన్న వాయించింది దొరకలేదమ్మా, ఇది ఆయన వరుస, వాయించింది నేను అని ఉన్నదున్నట్టు చెప్పిన. చివర్ల వచ్చే ఆ సప్పుడు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలే. ఏమని చెప్పాలె?

హెడ్‌ఫోన్స్ పెట్టుకొని కొంచెంసేపు విన్నది. మొకంల ఏం లేదు. తీసేసింది. "ఇట్ల నేనెప్పుడూ వినలే అన్నా" అని, నేను తెచ్చిన స్పీకర్ చూపించి, దాన్ని అల్మారా లోపల చెక్కకు ఆనించి పెట్టమన్నది.

ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కరెంటుకు తగిలియ్యకుండ వాయిస్తే బాస్ సప్పుడు వాయించేటోనికే సరిగ వినవడదు. అదే దాని కొన తీస్కపోయి చెక్కకు ఆనిస్తే చెక్క మొత్తం మోగుతది. ఓనర్ ఆంటీ ఒర్లకుండ ఇంట్ల నేను గూడ గట్లనే నేర్చుకున్న. వినయ్ ఈ అల్మారాకు ఆనించి వాయించేటోడట. లావణ్య దానికే వీపు ఆనించి చదువుకునేదట. అన్న సప్పుడు ఆ పిల్ల చెవులతోని వినలే, వీపుతోని విన్నది.

పాట పెట్టిన. ఆ పిల్ల అల్మారా పక్క పలకకు వీపు ఆనించి కండ్లు మూసుకుంది. అల్మారా సన్నగ వణుకుతుంది. పాట అయిపోయింది. ఆ సప్పుడు వచ్చింది. లోపల హ్యాంగర్లు గలగలమన్నయి.

లావణ్య చటుక్కున లేచి నిలవడ్డది. ఒళ్ళో పుస్తకం లేకున్నా, మూసి పక్కన పెడ్తున్నట్టు చేతులు కదిలినయి. తర్వాత బొటబొట ఏడ్చింది.

"ప్రాక్టీస్ అయిపోంగనే లాస్టుకు గిట్ల ఒక్కటి కొట్టేటోడన్నా. ఇగ చాలు, లే, తిందాం అని. నోటితోని పిలిచేటోడు కాదు. అన్న పోయినకాంచి ఎప్పుడు లేవాల్నో తెలుస్తలేదు నాకు."

ఆ పిల్ల మొకం కడుక్కొని వచ్చి, అన్నం, పప్పుచారు పెట్టింది. ఇద్దరం తిన్నం. పొద్దటి నుంచి ఏం తినలేదట.

నివాళి పాట విడుదలైంది, ఆ ముక్క లేకుండనే. చప్పట్లు కొట్టిచ్చుకున్నడు రాకీ. ఆ బ్యాండు నేను ఇడిసిపెట్టిన. మిగిలిన మూడింట్ల వాయిస్తనే ఉన్న. వాటిల్ల గూడ కంపు తక్కువేం లేదు గని, ఈ పని తప్ప నాకింకోటి రాదు.

ఆ కాపీ నా దగ్గర ఇంకా ఉంది. సౌండ్ చదువుకున్నోళ్ళకు వినిపించిన. ఒకడు కంప్యూటర్ తప్పన్నడు, ఒకడు వైరన్నడు, ఒకడు పాత ఫైల్ మిగిలిందేమో అన్నడు. పాత ఫైల్ అయితే రెండుసార్లూ నేను ఆపినంకనే ఎట్ల వస్తది? లావణ్య మాత్రం అది ఎక్కడి నుంచి వచ్చిందని నన్ను ఒక్కసారి గూడ అడగలే.