రసీదు మీద భర్త పేరు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సరోజక్క జీతంలో కోత పడబోయింది కంప్యూటర్ తప్పు వల్ల కాదు, నా వల్ల.

గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ జీతాల విభాగంలో మూడేళ్లు అసిస్టెంటుగా పనిచేసి మానేశాను. ఇది రెండో ఏడాది జనవరి మాట. పాత పద్ధతిలో పన్ను కట్టే ఉద్యోగులు మినహాయింపు కోసం అద్దె రసీదులు ఇచ్చే నెల అది. సరోజక్క ల్యాబ్‌లో పనిచేసేది. ఆమె భర్త మహారాష్ట్రలోని మా యూనిట్‌కు బదిలీ అయి, అక్కడ తోటివాళ్లతో ఒక గదిలో ఉండేవాడు. ఇద్దరి ఫైళ్లూ నా టేబుల్ మీదికే వచ్చేవి. వృత్తిపన్ను ఎవరు పనిచేసే రాష్ట్రానికి వారిది వెళుతుంది. ఆదాయపన్ను కేంద్రానిది, భార్యాభర్తలకు విడివిడిగా లెక్క. అద్దె మినహాయింపు మాత్రం ఆ ఇంట్లో ఉంటూ అద్దె కట్టేవారికే.

సరోజక్క ఇచ్చిన, తను ఉండే బొంతపల్లి ఇంటి రసీదుల మీద భర్త పేరుంది. ఎందుకని అడగాలి. రెండుసార్లు ల్యాబ్ దాకా వెళ్లి, అద్దం తలుపు బయటినుంచే తిరిగొచ్చాను. అంతమందిలో ఆమెను పిలవలేకపోయాను. చివరికి రసీదులు భర్త ఫైల్లో పెట్టేశాను.

తక్కువ పడిన పన్నంతా మార్చిలో ఒకేసారి పట్టుకుంటారు. ఆ నెల నమూనా ప్రింటు తీస్తే, అద్దె మినహాయింపు పోయి సరోజక్క చేతికొచ్చేది సగం కూడా లేదు. పాప స్కూలు అడ్మిషన్ ఆ జీతంతోనే అని క్యాంటీన్‌లో విని ఉన్నాను. కంప్యూటర్‌లో ఏదో తేడా వచ్చిందని మా సీనియర్‌తో అబద్ధమాడాను. ఆయన కోస్తా మనిషి. "రేపు ఐదింటికి జీతాల లిస్టు బ్యాంకుకి పంపేస్తానమ్మా. తర్వాత నన్నడిగి లాభం లేదు" అన్నారు.

ఈసారి ల్యాబ్ తలుపు తోశాను. కంప్యూటర్‌లో తేడా వచ్చిందనే సరోజక్కకూ చెప్పి, రసీదుల మీద భర్త పేరెందుకుందని అడిగాను.

"మా ఇంటి ఓనర్ తాత మొగోళ్ల పేరు మీదనే రాస్తడు. ఆడోళ్ల పేరు మీద రసీదు ఏందంటడు. కిరాయి నా ఫోన్ల కెళ్లే పోతది, సూడు" అని సరోజక్క ప్రతి నెలా కట్టినవి చూపించింది.

మర్నాడు నాలుగున్నర దాకా గడియారం చూస్తూనే ఉన్నాను. అప్పుడు వచ్చింది, తన పేరున రాయించిన రసీదులతో. "తాత జెర గులిగిండు గని రాసిచ్చిండు" అంది. భర్త ఫైల్లోంచి ఆ మినహాయింపు తీసేసి, ఆమె ఫైల్లో చేర్చాను. ఐదుకు పది నిమిషాలుండగా సీనియర్ సంతకం పెట్టారు.

కాగితం మీద పేరు చాలదని, కట్టింది ఎవరో మనిషిని అడగాలని నేర్చుకున్నాను. నేను అడగకపోతే నష్టపోయేది ఎదుటివాళ్లు. నిజం చెబుదామని నోరు తెరిచేలోపే సరోజక్క నా భుజం తట్టింది.

"గా కంప్యూటర్‌ను నమ్ముకుంటే ఆగమైతుంటి చెల్లె. నువ్వుంటివి గాబట్టి బచాయించినవ్."